మొగిలయ్య ఎక్కని పడవ

మా మధురానగర్ మొగిలయ్య అరేబియా సముద్రాన్ని సగం తాగేసి, మిగతా సగం పక్కవాడికి వదిలిపెట్టిన మనిషి.

సరే, సగం కాదు. ఒక్క గుక్కెడు. అది కూడా మింగలేక ఉమ్మేశాడు. కానీ పక్కవాడి సంగతి నిజం, సగం సంగతీ నిజం. ఆ రెండింటి కోసమే ఇదంతా రాస్తున్నాను. నాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధం ఆడితే స్కేలు నిలువుగా పట్టి వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. దాంతో ఒక అబద్ధం ఆడగానే అందులో కొంత వెనక్కి తీసుకోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. ఈ కథలో ఇంకా వెనక్కి తీసుకోవలసింది ఒక్క సొరచేపను మాత్రమే. అది వచ్చినప్పుడు చెప్తాను.

మొగిలయ్యకు డెబ్బై అయిదు దాటాయి. ఎండిన కందికట్టెలా ఉంటాడు. ముప్పై ఒక్క ఏళ్లు నీళ్ల బోర్డులో లైన్‌మన్‌గా చేశాడు. అంటే మా కాలనీలో ఏ వీధికి ఎప్పుడు నల్లా రావాలో ఆ వాల్వు తిప్పేవాడు. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే కాలం. వీధికి నలభై అయిదు నిమిషాలంటే నలభై అయిదే. నలభై ఆరో నిమిషానికి బిందెలో ధార సన్నబడితే, "మొగిలయ్య గడియారం చూసిండు" అనుకునేవాళ్లు ఆడవాళ్లు.

ఒకసారి మూడో వీధిలో కొత్తగా మేడ కట్టిన పెద్దమనిషి వచ్చి, "మొగిలయ్యా, మా ఇంట్ల పెండ్లి ఉన్నది. ఇంకో పది నిమిషాలు ఇడువు. మా బామ్మర్ది ఎవలో నీకు తెలుసు కదా?" అన్నాడు.

మొగిలయ్య తన చేతిలో ఉన్న, వాల్వు తిప్పే నాలుగడుగుల ఇనుప తాళంచెవిని ఆయన చేతిలో పెట్టాడు. "గా పది నిమిషాలు నాలుగో వీధోళ్లయి. గా ఆడోళ్ల ముంగట నిలవడి నువ్వే తిప్పు."

పెద్దమనిషి నాలుగో వీధి వైపు చూశాడు. అక్కడ నలభై బిందెలు, నలభై జతల కళ్లు. తాళంచెవి తిరిగి ఇచ్చేసి పెళ్లికి ట్యాంకర్ తెప్పించుకున్నాడు. నీళ్ల విషయంలో ఈ మనిషికి ఇంత పట్టింపు ఎందుకో మాకెవరికీ తెలియదు. పుట్టుకతో వచ్చిన మొండితనం అనుకున్నాం.

ఆరేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో మెట్ల పక్కనున్న ఇరానీ హోటల్‌కు వెళ్లాను. కూర్చోవడానికి చోటు లేదు. మొగిలయ్య ఒక్కడే ఒక బల్ల దగ్గర కనిపించాడు. వన్ బై టూ చెప్పినట్టున్నాడు, ఒకే చాయ్ రెండు కప్పుల్లో సగం సగం పోసి ఉంది. ఒక కప్పు ఆయన తాగుతున్నాడు. రెండోది ఎదుటి కుర్చీ ముందు మీగడ కడుతోంది. నన్ను దూరం నుంచే చూసి తెప్పించాడనుకున్నాను. కాలనీ మర్యాద. కూర్చుని, ఊదుకోకుండానే తాగడం మొదలుపెట్టాను.

"ఏం జేసినవ్ సారూ?" అన్నాడు మొగిలయ్య. మొహం నల్లబడింది.

"చల్లారిపోతోందని..."

"అది జ్ఞానరాజు చాయ్."

"అయ్యో, ఆయన వస్తున్నాడా? ఇంకొకటి చెప్తాను ఉండు."

"ఆయన సచ్చిపోయి యాభై ఏండ్లాయె."

అప్పుడే నోట్లో పోసుకున్న ఆఖరి గుక్క మింగాలో ఉమ్మాలో నాకు తెలియలేదు. మింగాను. చచ్చిపోయినవాడి చాయ్ తాగినవాడికి ఆ చచ్చిపోయినవాడి కథ అడిగే హక్కు ఉంటుందని నా వాదన. మొగిలయ్య ఒప్పుకోలేదు గానీ, ఆ చలికాలం అంతా ఆదివారానికి ఒక ముక్క చొప్పున చెప్పాడు.

జ్ఞానరాజుది అమీర్‌పేట. చర్చి ఇంటి పిల్లవాడు, మొగిలయ్య కన్నా రెండేళ్లు పెద్ద. ఇద్దరూ లక్డీకాపూల్‌లో ఒక ఇరానీ హోటల్‌లో సర్వర్లుగా చేశారు. వన్ బై టూ పోయడంలో జ్ఞానరాజును మించినవాడు లేడట. గల్లా దగ్గర వాళ్లతో మాట్లాడుతూ, కప్పుల వైపు చూడకుండా పోసేవాడు. చుక్క ఒలికేది కాదు, రెండు కప్పుల్లో వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఇద్దరూ బొంబాయి వెళ్లి, ఒక సరుకుల ఓడ వంటింట్లో పనికి కుదిరారు. డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధంలో ఒక తెల్లవారుజామున ఆ ఓడకు దెబ్బ తగిలింది. ఓడ పేరు రాయను, ఎందుకంటే అడిగినప్పుడల్లా మొగిలయ్య వేరే పేరు చెప్పేవాడు. పదకొండు మంది ఒక లైఫ్‌బోట్‌లో పడ్డారు. తొమ్మిది రోజులు తేలారు. ఏడో రోజు జ్ఞానరాజు పోయాడు. తొమ్మిదో రోజు చేపల పడవవాళ్లు మిగతావాళ్లను ఎక్కించుకున్నారు.

"ఎలా పోయాడు?" అని అడిగితే, "దూపకు పోయిండు, నీళ్లు లేక" అని ఎదుటి కప్పు వైపు చూసేవాడు. అంతకు మించి ఒక్క మాట పెగిలేది కాదు.

ఆ కథను నేను మోసుకుపోయి ఒక పెళ్లి భోజనాల్లో చెప్పాను. పప్పు వడ్డించేలోపు ఓడ మునిగింది, పెరుగు వచ్చేసరికి ఒక సొరచేప మూడు రోజులు పడవ వెంట పడింది. ఆ సొరచేప నాది. చుట్టూ ఉన్నవాళ్లు ముద్ద కలపడం ఆపేశారు, నేనేం చెయ్యను? ఎదుటి వరసలో కూర్చున్న యువకుడు చేయి కూడా కడుక్కోకుండా నా దగ్గరికి వచ్చాడు. పేరు విజయేందర్. సినిమా డైరెక్టర్, పంజాగుట్టలో ఆఫీసు.

మంచి కుర్రవాడే. కష్టపడేవాడు. మొగిలయ్య దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుని రికార్డు చేసుకున్నాడు. లైఫ్‌బోట్‌ను నడిపిన ఆఫీసరు ఎప్పుడో పోయాడు, ఆయన కుటుంబాన్ని వెతికి పట్టుకుని, ఆయన పడవలో పెన్సిల్‌తో రాసుకున్న నోటుబుక్కు సంపాదించాడు. ఏడాదిన్నరలో సినిమా తీశాడు. ఆ పదకొండు మందిలో ఇప్పుడు బతికున్నది మొగిలయ్య ఒక్కడే. ఆఖరి షాట్ ఆయన మీదే ఉండాలి, అసలు మనిషి పడవ పక్కన కూర్చుని రెండు మాటలు చెప్పాలి. సినిమా కొన్నవాళ్లు ఇంకో షరతు పెట్టారు. 'ఇది జరిగిన కథ' అని తెర మీద వెయ్యాలంటే మొగిలయ్య సంతకం కావాలి.

సంతకానికి ముందు సినిమా చూపిస్తామని పంజాగుట్టలో ఒక చిన్న థియేటర్‌కు పిలిచారు. మొగిలయ్య, నేను వెళ్లాం. జ్ఞానరాజు భార్య సుమిత్ర వచ్చింది, మనవరాలు లోయిస్ చేయి పట్టుకుని. ఇరవై ఏళ్లకే భర్త పోతే, ఆస్పత్రిలో ఆయాగా చేసి కొడుకును పెంచిన మనిషి సుమిత్ర. లోయిస్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్తుంది. తాతను తెర మీద చూడబోతున్నానని ఆ అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చింది. సుమిత్ర చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది.

సొరచేప వచ్చింది. నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

తరువాత జ్ఞానరాజు వచ్చాడు. మధ్యాహ్నం ఎండకు అందరూ సొమ్మసిల్లి ఉండగా, తెర మీది జ్ఞానరాజు పాక్కుంటూ నీళ్ల పీపా దగ్గరికి వెళ్లాడు. ఒక మూతెడు తాగాడు. పెదవులు నాక్కుని ఇంకొక మూత నింపాడు. ఆఫీసరు అతని చేయి పట్టుకున్నాడు. జ్ఞానరాజు ఆయన కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఏడో రోజు చచ్చిపోతే, "నీళ్లు దొంగిలించినవాణ్ణి నీళ్లే తీసుకుపోయాయి" అని హీరో మొగిలయ్య చేత ఒక డైలాగు కూడా చెప్పించారు.

లైట్లు వెలిగాయి. విజయేందర్ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సుమిత్ర ఆయన వైపు చూడలేదు.

"మొగిలయ్యా, నువ్వు పక్కనే ఉన్నవ్ కదా. గిది జరిగిందా?"

మొగిలయ్య నోరు తెరిచాడు. మూశాడు. కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాడు.

సుమిత్ర లేచింది. లోయిస్ తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, "తాతా, కాదని ఒక్క మాట అంటే అయిపోతుండె కదా" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మొగిలయ్య మా ఇంటి ముందు నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు కొసకు ఏదో ముడి వేసి ఉంది.

"నడువు సారూ. సుమిత్ర వదినె ఇంటికి పోవాలె."

"నేనెందుకు?"

"నీ నోటికెంచే గదా ముచ్చట గింత దూరం వొచ్చింది. ఇంకో ముచ్చట సుత నీ చెవులతోటి ఇను."

సుమిత్ర తలుపు తీసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. లోయిస్ రెండు కుర్చీలు వేసింది. మొగిలయ్య కుర్చీలో కూర్చోకుండా నేల మీద కూర్చుని ముడి విప్పాడు. తుప్పు పట్టిన ఒక డబ్బా మూత. పాలపొడి డబ్బాది.

"గిది వానిది వదినె. రెండో మూత."

ఇక చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి మొహం చూడకుండా, ఆ మూతకే చెప్తున్నట్టు చెప్పాడు.

"పొద్దున ఒక మూతెడు, మాపటికి ఒక మూతెడు. గంతే నీళ్లు. మూడో దినం నాకు జరం వొచ్చింది. తెడ్డు ఏసుడు చాతగాలే. తెడ్డు ఎయ్యనోనికి సగమే అన్నడు ఆఫీసరు. ఇంకో మాట సుత అన్నడు. ఎవలి నీళ్లు ఆళ్లే తాగాలె, ఇంకొకనికి ఇస్తే ఇద్దరికీ బంద్ అని. ఆయనది సుత తప్పనలేను, పదకొండు పానాలు ఆయన మీద ఉండె. మన జ్ఞానరాజు ఏం జేసిండు? ఓ డబ్బా మూత యాడికెల్లో దొరకబట్టిండు. ఆయన నీళ్లు ఆయన తెచ్చుకునుడు, నా యెనుకకు వొచ్చి కూసునుడు, రెండు మూతలల్ల పోసుడు. 'వన్ బై టూ మొగిలిగా' అనేటోడు. 'బిస్కెట్ లేదా అన్న' అంటుంటి నేను. 'ఉస్మానియా అయిపోయినయ్, రేపు రా' అనేటోడు. పడవ ఊగుతుంటె సుత చుక్క ఒలకలే వదినె. ఒక్క చుక్క."

సుమిత్ర మూత వైపే చూస్తోంది.

"ఆరో దినం ఆఫీసరు చూసిండు. ఒక్కని చేతుల రెండు మూతలు. పీపల నీళ్లు సుత లెక్కకు తక్కువ వొచ్చినయ్, యాడనో కారుతుండె అది. రెండో మూత యాడిది అన్నడు. ఆయన బొంబాయి మనిషి, వన్ బై టూ అంటె ఆయనకేం తెలుసు? రెండు మూతలంటె రెండు పాళ్లు అనుకున్నడు. జ్ఞానరాజు జవాబియ్యలే. ఇస్తె నా నీళ్లు బంద్. నా దిక్కు చూసి తలకాయ అడ్డం ఊపిండు, చెప్పకు అని. దొంగ అన్నరు. ఊకున్నడు. దినంనర నీళ్లు బంద్ జేసిన్రు."

"నువ్వు?" అంది సుమిత్ర.

"నేను... నా పాలు సగం మూత నేను తాగిన."

కింద వీధిలో హాస్టల్ పిల్లలు టిఫిన్ బండి దగ్గర అరుచుకుంటున్నారు.

"వాడు చెప్పొద్దన్నడని నేను ఊకోలేదు వదినె. భయపడి ఊకున్న. వాడు తలకాయ ఊపుడు నాకు సాకు దొరికింది. యాభై ఏండ్లసంది గా సాకు పట్టుకొనే తిరుగుతున్న. నిన్న సినిమాల సుత మల్ల గదే జేసిన."

సుమిత్ర మూతను తీసుకుని తిరగేసి చూసింది. కొంగుతో తుడిచింది.

"ఆదివారం ఆదివారం ఆయన పేరు మీద చాయ్ పెడుతున్నవంట. చాయ్ తాగెటందుకు ఆయన రాడు మొగిలయ్యా. మాట ఇనెటందుకు నేనైతే ఉన్న కదా, గీ అమీర్‌పేటలనే!"

మొగిలయ్య తల ఇంకా కిందికి వాలింది.

"గా సినిమా నేను నమ్మిన అనుకున్నవా? ఇంట్ల కూర తక్కువైతే గిన్నె నా దిక్కు నూకి గరిటె నాకేటోడు గాయన. దొంగతనం వానికి యాడ చాతనైతది? నాకు జెప్పినవ్, మంచిది. మరి థియేటర్ల కూసునేటోళ్లకు ఎవలు చెప్తరు? నా మనుమరాలు రేపు పెండ్లి చూపులల్ల కూసుంటే, నీళ్ల దొంగ మనుమరాలట అని ఎవలన్న అంటే ఎవలు చెప్తరు?"

"నానమ్మా, నా పెండ్లి ఎందుకిప్పుడు?" అంది లోయిస్. కానీ కళ్లు తుడుచుకుంటోంది.

మొగిలయ్య మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. "నేనే చెప్త" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా పంజాగుట్ట. మెట్రో వద్దన్నాడు. నడిచాడు. వెనక నేను ఆయాసపడుతూ. విజయేందర్ ఆఫీసు గోడ మీద పోస్టర్ ఉంది, నీలం సముద్రం, నా సొరచేప రెక్క.

విజయేందర్ మొత్తం విన్నాడు. మధ్యలో ఆపలేదు. అది ఆయన మర్యాద. విని, తల పట్టుకున్నాడు.

"తాతా, ఇది ఆ నాలుగు సాయంత్రాలల్ల చెప్పాలె కదా? సినిమా అయిపోయింది. సెకండాఫ్ మొత్తం ఆ సీన్ మీదనే నిలబడ్డది. నా దగ్గర దొంగతనం అని రాసిన ఆఫీసర్ చేతిరాత ఉన్నది. మీ దగ్గర ఏమున్నది?"

"నేనున్న."

"మరి అప్పుడెందుకు ఊకున్నరు?"

"గదే నా తప్పు. గదే చూపెట్టు. నన్ను పిరికోణ్ని జెయ్, అది నిజం. వాణ్ని దొంగను జెయ్యకు."

"హీరో మీరు తాతా! హీరో పిరికోడంటే జనం చూస్తరా?"

"అయితే వాని పేరు తియ్యి."

"పేరు తీస్తే జరిగిన కథ ఎట్లయితది?"

మొగిలయ్య పోస్టర్ వైపు చూశాడు. "గా షార్కును ఎవలు చూసిన్రు బిడ్డా?"

విజయేందర్ నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

"అబద్ధాలు గిన్ని పెట్టి, వానిదొక్క పేరు మాత్రం నిజంది కావాల్నా నీకు?" అన్నాడు మొగిలయ్య.

విజయేందర్ మొగిలయ్య చేయి పట్టుకున్నాడు. ఫంక్షన్ చేస్తామన్నాడు, శాలువా కప్పుతామన్నాడు, సుమిత్రమ్మకు కూడా కప్పుతామన్నాడు. పాపం, ఆయన నిజంగానే అన్నాడు. కానీ ఆ సీన్ మాత్రం తీసెయ్యలేనన్నాడు.

మొగిలయ్య తువ్వాలు తీసి భుజం మీద సర్దుకున్నాడు. తరువాత ఎంతో నెమ్మదిగా, "సరె. ఆఖరి షాట్ అన్నవ్ కదా. ఎప్పుడు రావాలె?" అన్నాడు.

నాకు మతిపోయింది. మెట్లు దిగుతూ తిట్టాను. "శాలువాకు అమ్ముడుపోయావా? సుమిత్రమ్మకు ఏం చెప్తావు?" ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దాటాక ఆయన అడిగాడు.

"కెమెరా ముంగట చెప్పింది మల్ల తుడిపేస్తరా సారూ?"

"తుడిపేయొచ్చు. కానీ అక్కడ నిలబడ్డవాళ్ల చెవులు తుడిపేయలేరు కదా."

"ఎందరుంటరు?"

"ముప్పై, నలభై మంది. కొన్నవాళ్ల మనుషులు కూడా వస్తారు, సంతకం కోసం."

"మస్తు" అన్నాడు. "వదినెను సుత తీస్కరా."

సుమిత్ర రానంది. "శాలువా బరువుంటదట, జాగ్రత్తగా మొయ్యమను" అని లోయిస్ చేత ఫోన్లో చెప్పించింది. కానీ శనివారం పదకొండింటికి మేము వెళ్లేసరికి, పంజాగుట్ట సందులో వాళ్లు అద్దెకు తీసుకున్న హాలులో, వెనక వరస కుర్చీలో అదే తెల్లచీరలో కూర్చుని ఉంది. పక్కన లోయిస్.

హాలు మధ్యలో కట్టె పడవ. వెనక నీలం గుడ్డ. పడవలో కొత్త మూతలు రెండు తళతళా మెరుస్తున్నాయి. మొగిలయ్య ఉతికిన తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. వెంట భార్య సత్తెమ్మ. షూటింగ్ చూడాలని కాదు, "గీయన యాడ పడిపోతడో" అని వచ్చింది. సినిమా కొన్నవాళ్ల తరఫున మంజూష అనే ఆమె కాగితాల ఫైలు పట్టుకుని నిలబడింది. లైట్లు వేశారు. మొగిలయ్యను పడవ అంచు మీద కూర్చోబెట్టారు.

"తాతా, జస్ట్ మీరు ఫీలయ్యింది చెప్పండి," అన్నాడు విజయేందర్. "డెబ్బై ఒకటి డిసెంబర్ల ఆ పడవల ఏం జరిగింది?"

మొగిలయ్య పడవ అంచు మీది నుంచి లేచాడు.

"ఏ పడవ?"

ఎవరో నవ్వారు.

"మీరెక్కిన పడవ తాతా."

"నేను ఏ పడవ ఎక్కలే బిడ్డా. డెబ్బై ఒకటిల నేను ఎర్రగడ్డ మార్కెట్ల ఉల్లిగడ్డలు అమ్మిన."

"కట్. తాతా..."

"కట్ జేస్తె చెయ్యి. నేను మాట్లాడుత." గొంతు పెరిగింది. వాల్వు దగ్గర నాలుగు వీధులకు వినపడేలా అరిచే గొంతు అది. "మీ పడవల నీళ్ల దొంగతనం జరిగిందంటున్నరు. జ్ఞానరాజు ఉన్న పడవల దొంగతనం జరగది. అంటే ఇది జ్ఞానరాజు పడవ కాదు. ఆయన లేని పడవల నేనెందుకుంట? నేను లేను. నేను లేని పడవ కథ జరిగిన కథ ఎట్లయితది?"

మంజూష ముందుకు వచ్చింది. "అంటే ఏంటండీ, సంతకం చేయరా మీరు?"

"నేను లేని పడవకు నేనెట్ల సంతకం జేస్తనమ్మా?"

"గీయనకు ఈతనే రాదు బిడ్డా" అని సత్తెమ్మ అందుకుంది. ఆమెకు ముందే చెప్పాడో, అప్పటికప్పుడు అందుకుందో నాకిప్పటికీ తెలియదు. "బకెట్ల చెయ్యి పెడితె జలుబు జేస్తది. సముద్రమట, సముద్రం!"

ఈసారి చాలామంది నవ్వారు. విజయేందర్ నవ్వలేదు. ఫోన్ తీసి, "తాతా, మీ గొంతు నా దగ్గర రికార్డ్ ఉన్నది. తొమ్మిది దినాలు, పదకొండు మంది, మొత్తం మీరే చెప్పిన్రు" అన్నాడు. ఏడాదిన్నర కష్టం మరి.

మొగిలయ్య వేలు ఎత్తి నన్ను చూపించాడు.

"గీ సారు చెప్పిన కథలు. ముసలోణ్ని, ఇని ఇని నాయే అనుకున్న."

నలభై తలలు నా వైపు తిరిగాయి. మంజూష ఫైలు మూసి నా దగ్గరికి వచ్చింది. "మీరేనా? ఆ షార్క్ సంగతి ఏంటండీ?"

"నాదే" అన్నాను. అది చెప్పడం తేలికే.

"మరి మిగతా కథ?"

వెనక వరసలో సుమిత్ర మొహం కనిపించింది. రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని ఉంది. నేను డెబ్బై ఏళ్లుగా అబద్ధం ఆడి, కొంత వెనక్కి తీసుకుంటూ బతికినవాణ్ణి. మొదటిసారి ఏమీ వెనక్కి తీసుకోలేదు.

"అదీ నాదే. ఓడ, పడవ, మూతలు, అంతా. పెళ్లి భోజనాల్లో కల్పించాను. పప్పు వడ్డించడం ఆలస్యమైంది."

సిస్టర్లు ఎక్కడున్నా స్కేలు కోసం వెతికి ఉంటారు.

మంజూష విజయేందర్‌ను పక్కకు తీసుకుపోయింది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో వినలేదు. మొగిలయ్య మాత్రం పడవలో ఉన్న కొత్త మూతలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, విజయేందర్ కుర్చీలో ఉంచాడు. సుమిత్ర ముందు నుంచి వెళ్తూ ఆగాడు. ఆమె లేచి నిలబడింది. "ఇంత గట్టిగ అరవచ్చునని యాభై ఏండ్లకు తెలిసిందా మొగిలయ్యా?" అంది. తిట్టే గొంతుతోనే అంది. లోయిస్ ఆయన చేయి పట్టుకుని మెట్లు దింపింది.

సినిమా మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. మొదట్లోనే 'ఈ కథ, ఇందులోని పాత్రలు పూర్తిగా కల్పితం' అని వేశారు. నీళ్ల దొంగకు ఈ దేశంలో ఎవరూ పెట్టుకోని పేరు ఏదో పెట్టారు. ఆఖరి షాట్‌లో మనిషి లేడు, ఖాళీ పడవ ఒకటే ఉంది. రెండు వారాలు బాగానే ఆడింది. సొరచేప బాగుందని అందరూ అన్నారు. విజయేందర్ నాకు ఫోన్ చేయడం మానేశాడు. ఆయన కోపంలో తప్పు లేదు.

జ్ఞానరాజు పేరు ఏ తెర మీదా లేదు. అది దక్కడానికి మొగిలయ్య తన జీవితంలోని తొమ్మిది రోజులు వదులుకున్నాడు. ఒకసారి లేదన్నాక, ఉందని మళ్లీ ఎక్కడా అనకూడదు కదా. కాలనీలో ఇప్పుడు పిల్లలు, "తాతా, నువ్వు సముద్రంల పడ్డవట?" అని అడిగితే, "ఉల్లిగడ్డల గంపల పడ్డ" అంటాడు.

ఇదంతా రాసి, అచ్చుకు ఇచ్చే ముందు ఆయనకు వినిపించాలనుకున్నాను. పోయిన ఆదివారం అదే ఇరానీ హోటల్‌కు వెళ్లాను. వన్ బై టూ వచ్చి ఉంది. ఎదుటి కుర్చీ ఖాళీగా లేదు. సుమిత్ర చర్చి నుంచి నేరుగా వచ్చి కూర్చుంది. రెండో కప్పు ఆమె సాసర్లో పోసుకుని ఊదుకుంటోంది. కొన్ని నెలలుగా ఇదే అలవాటట. ముందు వారం వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు చూశాను, ఆ తుప్పు మూతను చింతపండుతో తోమి చక్కెర డబ్బాకు పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.

నేను మొదటి వాక్యం నుంచి చివరి దాకా చదివాను. సుమిత్ర ఒకటి రెండు చోట్ల నవ్వింది, ఒక చోట సాసర్ కింద పెట్టి కిటికీ వైపు తిరిగింది. మొగిలయ్య కదలకుండా విన్నాడు.

"ఎట్లుంది మొగిలన్నా?"

"అంత అబద్ధం."

"ఏది అబద్ధం? ఇందులో నేను కలిపింది ఒక్కటీ లేదు. సొరచేపను కూడా ఒప్పుకున్నాను."

"అంత అంటే అంత. నేను ఓడ ఎక్కలే, సముద్రం చూడలే."

"మరి ఈ వన్ బై టూ?"

"ఆమె చాయ్ తాగుతది, నేను తాగుత. గంతే."

"సుమిత్రమ్మా, నువ్వైనా చెప్పు."

సుమిత్ర సాసర్ ఎత్తి ఆఖరి గుక్క తాగింది. "నన్నెందుకు అడుగుతవ్ సారూ? నేను గా పడవల లేను."

మొగిలయ్య లేచి, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"నేను ఎన్నడూ ఏ పడవా ఎక్కలే. గిది సుత రాసుకో."